టేపు అడుగున గొంతు

చీటీ అరచెయ్యి పట్టేంత కిటికీలోంచి లోపలికి వెళ్లిందో లేదో, వెనకనుంచి రేకు తలుపు జర్రున జారి పడింది, బయట మసీదు మైకు గొంతు సవరించుకుంది. ఇక నమాజు అయ్యేదాకా ఆ రేకు లేవదు. అరగంట, మహా అయితే ముప్పావుగంట. సంధ్యకు అదేమీ కష్టంగా తోచలేదు. ఆస్పత్రిలో ఆడవాళ్ల వైపు హాలు చల్లగా ఉంది, కుర్చీలు మెత్తగా ఉన్నాయి, మూలన నీళ్ల మిషను పక్కన కాగితపు పొట్లాల్లాంటి కప్పులున్నాయి, అడుగు లేని కప్పులు, నీళ్లు తాగేదాకా కింద పెట్టడానికి వీల్లేని కప్పులు. వాటిని కనిపెట్టినవాడు ఎంత తమాషా మనిషో అనుకుంటూ దాహం లేకపోయినా రెండు కప్పులు తాగింది. నల్ల బుర్ఖా అంచు ఒడిలోకి లాక్కుని కూర్చుంది. దీన్ని వేసుకున్న మొదటి రోజు మెట్ల మీద కాలు తట్టుకుని పడబోతే సురేంద్ర పట్టుకుని, "మేడమ్, చీరకు కుచ్చిళ్లుంటయ్, దీనికి లెవ్వు, జర చూసి నడువున్రి" అన్నాడు. పెళ్లయి నాలుగు నెలలు దాటింది, ఇంకా ఆమెను అప్పుడప్పుడు మేడమ్ అంటాడు, నారింజ తొక్కను తెగకుండా ఒకే రిబ్బనులా ఒలిచి ఆమె మెడలో వేస్తాడు. ఇందాక కంపెనీ బండిలో దింపి, ఒంటిగంటకు వస్తానన్నాడు. ఒంటిగంటకు ఇంకా గంట పైనే ఉంది. కడుపులో ఉన్న నాలుగో నెల బుడంకాయ, వాళ్లిద్దరూ పెట్టుకున్న పేరు అదే, నిద్రపోతోందో ఏమో, చడీచప్పుడూ లేదు.

కిటికీ అద్దం పసుపు పచ్చగా మారింది. ఆ పసుపు ముదిరింది. సంధ్య ముందు తన కళ్లనే అనుమానించింది, తర్వాత ట్యూబులైటును, ఆ తర్వాత అర్థమైంది, గాలి తిరిగిందని. ఉత్తరాన కువైట్‌లో మండుతున్న బావుల పొగ గాలి తిరిగిన రోజు ఈ సౌదీ ఊరు జుబైల్ మీదికి వస్తుంది, వచ్చిన రోజు మధ్యాహ్నమే పొద్దు గుంకుతుంది. యుద్ధం ఆగి అయిదు నెలలు, పొగ ఇంకా ఆగలేదు. రోడ్డు మీద దీపాలు ఎవరూ వేయకుండానే వాటంతట అవి వెలిగాయి, ఒకటి, దాని తర్వాత ఇంకొకటి, ఎవరో కనపడనివాడు వాటిని లెక్కపెట్టుకుంటూ నడిచిపోతున్నట్టు. గోడ మీది పిచ్చుకలు చప్పున నోరు మూసుకున్నాయి. అజాన్ పన్నెండుగంటలది, వెలుగు మాత్రం ఏడింటిది. ఆ రెండూ ఒకదానికొకటి సరిపోక సంధ్య వేలికొసలు చల్లబడ్డాయి. ఆమె వచ్చిన కొత్తలో మొదటిసారి ఇలా చీకటి పడ్డప్పుడు డాబా మీద ఆరేసిన సురేంద్ర తెల్ల చొక్కా తీసుకురావడానికి వెళ్లింది. చొక్కా నిండా మిరియాలంత నల్లచుక్కలు, రుద్దితే పోవు, జిడ్డు. చొక్కాను ఎవరో తొడుక్కుని తిరిగి వచ్చి మళ్లీ తాడు మీద వేలాడినట్టు అనిపించింది. సురేంద్ర నవ్వాడు. అతను నవ్వితే అన్నీ చిన్నవైపోతాయి. ఇంట్లో కిటికీలకు యుద్ధమప్పుడు అంటించిన టేపు గుర్తులు ఇంకా ఇంటూ ఆకారంలో ఉన్నాయి. గ్యాసు ముసుగు వచ్చిన అట్టపెట్టెలో ఆమె ఇప్పుడు ఉల్లిగడ్డలు పోస్తుంది, ముసుగు మాత్రం ఆ పెట్టె వెనక గోడవైపు తిరిగి కూర్చుని ఉంటుంది. దాని కళ్లద్దాలు ఆమె వైపు ఉండకుండా తనే తిప్పి పెట్టింది.

ఏలకుల కోసం పర్సు తెరిచింది. ఏలక్కాయ దొరికింది, దానితోపాటు ఒక చీటీ కూడా దొరికింది. నాలుగు మడతల గులాబీరంగు చీటీ. దాన్ని చూసి సంధ్య ఒక్క క్షణం ఊరికే సంతోషపడింది, పోయిందనుకున్నది దొరికినట్టు. ఆ వెంటనే నోట్లో ఏలక్కాయ చేదెక్కింది. తను లోపలికి ఇచ్చిన చీటీ కూడా గులాబీరంగుదే. చీటీలు రెండు. ఒకటి మే నెలలో ఇక్కడ ఉండటానికి కావలసిన అకామా కాగితాల పరీక్షకు వచ్చినప్పుడు ఈజిప్టు డాక్టరమ్మ రాసింది. చిన్నప్పుడు ఒంటిమీద ఎర్రటి దద్దులు వచ్చాయా అని చేతులతో అభినయించి అడిగి, సంధ్య తెల్లమొహం వేస్తే, కొత్త పెళ్లికూతురువి, జర్మన్ మీజిల్స్ సూది వేయించుకో అని రాసింది. అప్పుడు ఆ మందు లేదు, ఓడలు రావడం లేదన్నారు, "బుక్రా" అన్నారు. రేపు అని. ఆ మాట ఎంత ముద్దుగా ఉందో అని ఇంటికి వెళ్లి సురేంద్రను రోజంతా బుక్రా బుక్రా అని ఏడిపించింది. రెండో చీటీ పోయిన వారం రాసింది, నాలుగో నెలలో వేసే ధనుర్వాతం సూదికి. ఆ రోజు డాక్టరమ్మ కడుపు మీద చిన్న గొట్టం పెట్టి బుడంకాయ గుండె చప్పుడు వినిపించింది, గుర్రం పరుగులాంటి చప్పుడు, ఇక ఆ తర్వాత డాక్టరమ్మ ఏం చెప్పిందో, ఏం రాసిందో, ఏం చేతికిచ్చిందో సంధ్య చెవికెక్కలేదు. చీటీ పర్సులో పడేసుకుంది, అంతే.

చేతిలోని చీటీని విప్పి ట్యూబులైటు వైపు ఎత్తింది. చీమలు సిరాలో మునిగి నడిచిన రాత. ఇంగ్లీషే, కానీ ఒక్క అక్షరమూ కుదురుగా నిలబడదు. తేదీ చూస్తే తెలిసిపోతుందనుకుంది, తేదీ అరబ్బీ అంకెల్లో ఉంది, పైగా వాళ్ల నెల, వాళ్ల సంవత్సరం. మేలో రాసిన తేదీనా, జూలైలో రాసిన తేదీనా? బీఎస్సీ చదివింది, కెమిస్ట్రీలో ఎనభైరెండు మార్కులు, ఇక్కడ ఒక తేదీ చదవలేకపోయింది. లోపల ఇప్పుడు ఏ సూది సిద్ధమవుతోంది? డాక్టరమ్మ ఇవాళ రాదు. లోపల ఉన్నది సిస్టర్ ఒక్కతే, ఆమెకు చీటీలో ఏముంటే అదే. ఈ బుర్ఖాలో నాలుగో నెల కడుపు ఎవరికి కనిపిస్తుంది? సంధ్య లేచి వెళ్లి రేకు మీద వేలితో తట్టింది. చప్పుడు హాలంతా తిరిగి మళ్లీ ఆమె దగ్గరికే వచ్చింది.

అసలు సూదుల సంగతి ఎవరినడిగితే ఏం చెప్పారు? సురేంద్ర వాళ్ల ఊరివాడు లింబాద్రి లేబర్ క్యాంపులో ఉంటాడు, శుక్రవారం వచ్చి టీ తాగి, "వదినా, గా దవాఖానల సూది ఏసుకోకున్రి. సోల్జర్లకు ఏసిన మందు మస్తు మిగిలిందట, గదే అందరికీ గుచ్చుతున్రు" అన్నాడు. ఎవరు చెప్పిన్రన్నా అంటే జేబులోంచి ఒక జిరాక్సు కాగితం తీశాడు. జిరాక్సుకు జిరాక్సు, దానికి మళ్లీ జిరాక్సు. అక్షరాలు వాచిపోయి ఒకదాన్నొకటి మింగాయి. మధ్యలో ఒక బొమ్మ, అది పిల్లవాడో, ముసుగు వేసుకున్న సైనికుడో, ఒట్టి మరకో తెలియలేదు. కాగితం క్యాంపులో పదకొండు గదులు తిరిగిందట. చదివింది ఎవరని అడిగితే మాత్రం, చదివినాయన ఎగ్జిట్ మీద ఇండియాకు వెళ్లిపోయాడన్నాడు. పక్కింటి హైదరాబాదు గుల్షన్ ఆంటీ సూది వేయించుకోకపోతే పాపం అంది, ఏ సూది ఆంటీ అంటే, "ఏదైనా బేటీ, సూది సూదే" అంది. డిగ్రీ పుస్తకంలో టీకాల మీద ఒక పేరా ఉండేది, పరీక్షకు అందులోంచి ఎప్పుడూ ప్రశ్న రాదని లెక్చరర్ వదిలేయమంటే తను చిలక ముక్కులా మడతపెట్టి వదిలేసింది. ఆ మడత ఇప్పుడు నిజామాబాదులో ఏ అటక మీద ఉందో! ఈ భూమ్మీద ఈ సంగతి తెలిసిన మనిషి, సంధ్య నమ్మే మనిషి ఒక్కతే. సరళ చిన్నమ్మ. ఆర్మూరు పక్క ఊళ్లలో ఇరవై ఏళ్లుగా సూదులు వేసే నర్సు. అందుకే, నాలుగో నెలలో ఇంకో సూది ఉంటుందని డాక్టరమ్మ ముందే చెప్పినప్పుడు, సంధ్య జూన్‌లో ఆమెకు టేపు పంపింది, ఇట్ల రెండు సూదులు చిన్నమ్మా, ఏది ఏసుకోవాలె, ఏది వద్దు అని.

టేపు జవాబు నిన్న వచ్చింది. ఊరివాడు ఎల్లన్న సెలవు నుంచి తిరిగొస్తూ తెచ్చాడు, కారప్పొడి డబ్బాలో కుక్కి, అందుకే టేపుకు ఇప్పటికీ వెల్లుల్లి వాసన. ఆ ఊళ్లలో క్యాసెట్టు ఒక్కటే తిరుగుతుంది. ఒక ఇంట్లో మాట్లాడి, ఆగినచోట ఆపి, ఇంకో ఇంటికి పంపుతారు, వాళ్లు ఆగినచోటు నుంచి మొదలుపెట్టాలి. అత్తమ్మ ముత్యవ్వకు ఆ ఆగినచోటు కనుక్కోవడం ఒక్కటి చేతకాలేదు. వెనక్కి తిప్పింది, ఎర్ర మీట నొక్కింది, కొడుకుతో మాట్లాడింది. పావుగంట! సంధ్య పర్సులోంచి వాక్‌మన్ తీసింది. ఎర్రటి వాక్‌మన్, పెళ్లయ్యాక సురేంద్ర కొనిచ్చిన మొదటి వస్తువు, మూత తెరిస్తే చిన్న నిట్టూర్పు విడుస్తుంది. నిన్న రాత్రి నుంచి తొమ్మిదిసార్లు విన్నది పదోసారి చెవుల్లో పెట్టుకుంది.

"సంధ్యా, మంచిగున్నవా బిడ్డా? నీ టేపు ఇన్న. రెండు సూదులు అడిగినవ్. రెండు ఒక్కతీరు కావు. పేరు పేరున చెప్త, దిమాక్ పెట్టి ఇను. మొదలు..." అక్కడ టక్. గొడ్డలి పడ్డట్టు. "కొడకా సురేందరా, నేను రా, మీ అవ్వను. గీ మిషన్ల మాట్లాడుతున్న. ఇనొస్తుందా?" అని అత్తమ్మ. ఆమెకు టేపుతో మాట్లాడటం ఫోనుతో మాట్లాడటం ఒకటే, ప్రతి ప్రశ్నకూ జవాబు కోసం కాసేపు ఆగుతుంది, రాకపోతే చిన్నబుచ్చుకుంటుంది. "పలుకవేంది రా? పెండ్లామొచ్చినంక అవ్వతోని మాటల్లెవ్వా?" సంధ్యకు పదోసారి కూడా నవ్వొచ్చింది. బర్రె ఈనింది, వాన పడ్డది, పసుపు పెట్టిన్రు, కోడలు మంచిగ తింటున్నదా, ఉప్పు తక్కువ తినమను. అదంతా అయ్యాక మళ్లీ టక్, చిన్నమ్మ మాట తోక: "...గది మాత్రం వద్దే వద్దు. కడుపుల బిడ్డ ఉన్నన్ని దినాలు ఎవలు జెప్పినా ఏసుకోకు. ఇంకోటి మాత్రం మర్వకుండ ఏసుకో. అర్థమైందా?" మొదలూ చివరా ఉన్నాయి. ఏది వద్దు, ఏది ముఖ్యం అన్న నడిమిదంతా బర్రె ఈనిన కబురు కింద పడి ఉంది.

నిన్న వినని ఒకటి ఇవాళ వినిపించింది. అత్తమ్మ మాట మధ్యలో, వాకిట్లో కోడి వడ్లలో పడితే, "ఉండు కొడకా" అని లేచిపోయింది, మిషను నడుస్తూనే ఉంది. నిమిషం పాటు ఎవరూ లేరు. వాన చప్పుడు, దూరంగా కిష్ కిష్, టేపు సుర్రుమనడం. ఆ సుర్రు కింద, ఇంకా కింద, బావి అడుగున ఎవరో మాట్లాడుతున్నట్టు. సంధ్య చెవులు రెండూ అరచేతులతో మూసుకుంది. వెనక్కి తిప్పింది, వింది. మళ్లీ తిప్పింది. అవును, గొంతు ఉంది. చెరిగిపోలేదు, కిందికి దిగిపోయింది, అంతే. చెరిపే మిషను పాతదైతే అడుగున మిగులుతుందని సురేంద్ర ఎప్పుడో అన్నాడు కదా. గొంతు చిన్నమ్మదే, ఆ సాగదీత చిన్నమ్మదే. మూడోసారికి మాటలు పొడచూపాయి. "...భయం లేదు... ఏసుకో..." నాలుగోసారికి ఇంకా స్పష్టంగా, "...ఇయ్యాలనే ఏసుకో... ఏది ఇస్తే అది..." సంధ్య కళ్లవెంట నీళ్లు కారాయి. బయట మధ్యాహ్నం పూర్తిగా నల్లబడింది, అద్దంలో తన మొహమే కనిపిస్తోంది, ఆ మొహం వెనక వీధిదీపాల వరస. వేల మైళ్ల అవతలి నుంచి, కోళ్ల కింద నుంచి, వాన కింద నుంచి చిన్నమ్మ వచ్చి ధైర్యం చెప్పింది. ఇక అడగడానికి ఏముంది? రేకు లేవగానే లోపలికి వెళ్లి చెయ్యి చాపడమే.

"పాటలింటా ఏడ్చేవాళ్లను ఇప్పుడే చూస్తాండా."

సంధ్య ఉలిక్కిపడి చూసింది. మూడు కుర్చీల అవతల ఒకామె, ఎప్పుడొచ్చి కూర్చుందో, నల్లగుడ్డలో నల్లగా, ట్యూబులైటు అందని చోట చీకట్లో కలిసిపోయి, ఒడిలో మాత్రం తెల్లటి గౌనులో రెండేళ్ల అరబ్బు పిల్ల నిద్రపోతోంది. ఆ పిల్ల ఒక్కతే గాలిలో తేలుతున్నట్టుంది. "తెలుగోళ్లేనా పాపా? ఎల్లుల్లి వాసనొచ్చె, మనోళ్లే అనుకొంటి," అందామె. పేరు మదార్బీ, ఊరు రాయచోటి దగ్గర, ఇక్కడ అరబ్బుల ఇంట్లో పని, వాళ్ల మేడమ్ బిడ్డకు టీకా వేయించడానికి వచ్చింది, డ్రైవరు బయట ఉన్నాడు. "ఏం పాటలవి?"

"పాటలు కాదక్కా. మా అత్తమ్మ మాట్లాడుతున్నది."

"అత్త మాటలు చెవుల్లో పెట్టుకోని తిరుగుతాండావా! నీయట్లాంటి కోడల్ని యాడా చూల్యా." నవ్వితే ఆమె పళ్లు కనిపించాయి, అంతవరకే. సంధ్య కూడా ఏడుస్తూనే నవ్వింది, నవ్వుతూనే సంగతంతా చెప్పేసింది, రెండు చీటీలు, రెండు సూదులు, టేపు అడుగున చిన్నమ్మ. మదార్బీ పిల్ల తల సవరిస్తూ వింది. వినడం అయ్యాక తన ఎడమచెయ్యి జబ్బ మీద బట్టపైనే కుడిచెయ్యి వేసుకుంది, అక్కడ ఏదో నిద్రపోతున్నట్టు, దాన్ని లేపకూడదన్నట్టు.

"నాకూ ఏశ్నారు ఒగ సూది," అంది. "యుద్ధం మొదులైనప్పుడు మేడమోళ్లు రియాదు పాయిరి. నన్ను ఇంట్లో పెట్టి బీగమేసిరి. కిటికీలకంతా ప్లాస్టిక్కు అంటిచ్చిరి. గాలొస్తే ఆ ప్లాస్టిక్కు లోపలికి ఉబ్బేది, మళ్ల బయటికి పొయ్యేది, ఇల్లే ఊపిరి తీస్తాన్నట్టు. పదారు దినాలు నేనూ ఆ ఇల్లూ. ఒగనాడు పొద్దన మేడమ్ తమ్ముడొచ్చె, ఎంబడి తెల్లకోటాయప్ప. మాటా పలుకూ ల్యా. చెయ్యి పట్టుకొనిరి, పొడిచిరి, పాయిరి. దేనికి పొడిచిరో వాళ్లు చెప్పల్యా, నేను అడగల్యా. అప్పుట్నించి అప్పుడప్పుడు ఈడ సల్లగైతాది పాపా. ఐసుగడ్డ పెట్నట్టు."

సంధ్యకు ఆమె జబ్బ మీద చెయ్యి వేయాలనిపించింది, వేయడానికి భయం వేసింది. దానికి బదులు వాక్‌మన్ వైరు చిక్కు విప్పి, ఒక చెవిలో పెట్టుకునేది ఆమెకు ఇచ్చింది. తనకొక్కదానికే దొరికిన ధైర్యం పంచుకోవాలన్న ఉత్సాహం అది, అమ్మాయిలు చాక్లెట్టు కొరికి సగం ఇస్తారే, అలాంటిది. "ఇను అక్కా. కోడి కోసం లేచిపోతది చూడు, గప్పుడు కింద ఇంకో గొంతు ఇనొస్తది."

ఇద్దరూ తలలు దగ్గరపెట్టి విన్నారు. ఉండు కొడకా. వాన. సుర్రు. మదార్బీ మొహం మెల్లగా ముందుకు వంగింది. పెదాలు కదిలాయి. ఒడిలో పిల్లను అదిమి పట్టుకుంది. "మాయమ్మ," అంది. గొంతు మారిపోయింది, చిన్నపిల్ల గొంతు. "మాయమ్మ పాపా. 'మాదారీ, అన్నం తిన్యావామ్మీ' అంటాంది. మళ్ల పెట్టు. మళ్ల పెట్టు పాపా."

"మీ అమ్మనా? రాయచోటిల ఉంటదా?"

"ఉండేది. పోయి మూడేండ్లాయ. నేనొచ్చినాంక పాయ."

సంధ్య చెవిలోది తీసేసింది. బయట గాలి ఆగినట్టుంది, హాల్లో ఏసీ ఒక్కటే గుర్రుమంటోంది. ఆ గుర్రులో కూడా ఎవరో మాట్లాడుతున్నట్టు తోచి ఒళ్లు జలదరించింది. రాయచోటి నుంచి ఎన్నడూ కదలని, మూడేళ్ల కింద పోయిన మనిషి ఆర్మూరు కోళ్ల మధ్య ఈ టేపులోకి ఎట్లా వస్తుంది? రాదు. మరి చిన్నమ్మ మాత్రం వచ్చిందా? మళ్లీ పెట్టుకుంది, ఈసారి ఏడవకుండా, పరీక్ష హాల్లో ప్రశ్నపత్రం చదివినట్టు వింది. సుర్రు. వాన. ఏదో సన్నటి మూలుగు ఉన్న మాట నిజం, అది మనిషి గొంతే కావచ్చు, కానీ అందులో మాట లేదు. ఒక్క మాట కూడా లేదు. భయం లేదు అన్నది ఎవరు మరి? ఏది ఇస్తే అది వేసుకో అన్నది? చిన్నమ్మ జన్మలో అనదు ఆ మాట. సంధ్య టేపు ఆపింది. ఆ మాటలు తనవే. తనకు కావలసిన మాటలు తనే చిన్నమ్మ గొంతుతో చెప్పించుకుంది, చెయ్యి చాపడానికి కూడా సిద్ధమైంది. లింబాద్రి జేబులోని మరకను పదకొండు గదులవాళ్లు బొమ్మగా చూసినట్టే.

చిన్నమ్మ ఏమంటుందో కాదు, ఏం చేస్తుందో గుర్తు తెచ్చుకోవాలి. బుధవారం టీకాల రోజు. నీలం అంచు తెల్లచీర, ఐసు నింపిన డబ్బా, అంగన్‌వాడీ బడి అరుగు. సంధ్య పదేళ్ల పిల్ల, సెలవులకు వెళ్లి అక్కడే తిరిగేది, డబ్బా మూత తెరిచినప్పుడు లేచే తెల్లటి ఆవిరి ముట్టుకోవడానికి. ఎవరొచ్చినా సూది ఎక్కించేముందు చిన్నమ్మ సీసా తీసి ఆ తల్లి చేతిలో పెట్టేది. చదువు రానివాళ్ల చేతిలో కూడా. "చూడు, ఇది ఫలానా మందు, గిందుకు ఏస్తున్న," అని పేరు పైకి చదివేది. నాకేం తెలుస్తది సిస్టరమ్మా, నువ్వే ఎయ్యి అని ఎవరైనా అంటే ఊరుకునేది కాదు, "తెల్వకుంటే అడుగు. నోరు నీదే కదనే, అడిగినందుకు నేనేం పైసలు తీస్కుంటనా?" అనేది. ఆడవాళ్లు పకపకా నవ్వేవాళ్లు. చల్లటి సీసా సంధ్య చేతికి కూడా ఒకసారి ఇచ్చింది, పేరు చదవమంది, తను కూడబలుక్కుని చదివితే ఆ రోజంతా ఊళ్లో వాళ్లకు చెప్పుకుంది. ఇదంతా ఏ టేపులోనూ లేదు. దీన్ని ఎవరూ కోడి కోసం లేచి చెరపలేదు.

రేకు జర్రున లేచింది. వెలుతురు గీత నేల మీద పడింది. "సంధ్యా సురేందర్," అని మలయాళీ సిస్టర్ గొంతు. సంధ్య లేచి నడిచింది. తెర వెనక చిన్న గది. ట్రేలో సూది, దూది, చిన్న సీసా. సిస్టర్ అప్పటికే చెయ్యి పైకి లాగమని సైగ చేస్తోంది, నమాజు తర్వాత పదిమంది ఉంటారు, ఆమె తొందర ఆమెది. "సిస్టర్, పహలే శీశీ దిఖావ్. మై పఢ్తీ," అంది సంధ్య, ముందు సీసా చూపించమని, తను చదువుతానని, తమ నిజామాబాదు హిందీలో. తన గొంతు తనకే దూరంగా వినిపించింది. సిస్టర్ కనుబొమలు ఎత్తింది. ఆమె కసురుకుంటుందని సంధ్య కళ్లు సగం మూసుకుంది. సిస్టర్ కసరలేదు, సీసా ఆమె అరచేతిలో పెట్టింది. చల్లగా, పదేళ్లప్పటి చల్లదనమే. అక్షరాలు సన్నవి, కానీ అచ్చులో ఉన్నవి, నిలబడి ఉన్నవి. కూడబలుక్కుని చదివింది. రూ. బె. ల్లా.

"యే జర్మన్ మీజిల్స్ కా?"

"హా. చీటీ మే వహీ హై."

"మేరే పేట్ మే బచ్చా హై, సిస్టర్. చార్ మహీనే."

సిస్టర్ చేతిలోని దూది ఆగిపోయింది. బుర్ఖా వైపు చూసింది, చీటీ వైపు చూసింది, మళ్లీ బుర్ఖా వైపు. సీసాను సంధ్య చేతిలోంచి తీసుకుని ట్రేలో పెట్టి, ట్రేను అవతలికి జరిపింది, చాలా మెల్లగా, అందులో ఏదో నిద్ర లేస్తుందేమో అన్నట్టు. తర్వాత స్టూలు మీద కూర్చుంది. కడుపుతో ఉన్నవాళ్లకు దీన్ని వేయరని, అది సజీవమైన టీకా అని, ప్రసవం అయ్యాక వేసుకోవచ్చని, ఇది రెండు నెలల కిందటి చీటీ అని హిందీలో, ఇంగ్లీషులో, నడుమ మలయాళంలో చెప్పింది. తనవైపు నుంచి తను కూడా అడగాల్సిందని చివర గొణిగింది. సంధ్య రెండో చీటీ ఇచ్చింది. సిస్టర్ చదివి తల ఊపింది. ఇది ధనుర్వాతం సూది, ఇది కడుపుతో ఉన్నప్పుడే వేయాలి, తల్లికీ మంచిది, పుట్టేదానికీ మంచిది. లోపలి ఫ్రిజ్‌లోంచి ఇంకో సీసా తెచ్చి, ఈసారి అడగకముందే సంధ్య చేతిలో పెట్టింది. సంధ్య పేరు చదివింది, తేదీ చదివింది, ఇంగ్లీషు తేదీ, ఇంకా ఏడాది ఉంది. గది మాత్రం వద్దే వద్దు. ఇంకోటి మాత్రం మర్వకుండ ఏసుకో. తెగిన టేపు రెండు కొసలూ నడుమ ఈ చిన్న గదిని పెట్టుకుని అతుక్కున్నాయి. సూది చీమ కుట్టినంత కూడా లేదు. ఖాళీ సీసా నేను తీసుకుపోవచ్చా సిస్టర్ అని అడిగితే ఆమె నవ్వి ఇచ్చేసింది. సురేంద్రకు చూపించాలి. ఉంగరం పెట్టెలో దాచాలి. బుడంకాయ పెద్దయ్యాక దాని చేతిలో పెట్టాలి.

బయటికొచ్చి, కాసేపు కూర్చోమన్నారని మదార్బీ పక్కనే కూర్చుంది. జరిగింది చెప్పింది. మదార్బీ పిల్ల గౌను మోకాళ్ల మీదికి లాగింది. తర్వాత, "అంత సులువా?" అంది. "ఏమని అడిగితివి?"

"ఇదేంది, చూపించు అన్న. గంతే అక్కా. అరబ్బీల ఏమంటరో నాకు రాదు."

"ఇష్ హాదా," అంది మదార్బీ. "ఇదేంది అని. అయిదేండ్లుగా ఇనేది అదే గదా. కూర మాడితే ఇష్ హాదా, గిన్నె పగిలితే ఇష్ హాదా, దినానికి నూరుసార్లు నన్నడుగుతారు. నేను ఎవుర్నీ అడగల్యా. నోటికి రాల్యా పాపా, ఆ దినం. ఈ మాట నాకొచ్చు గదా. చెయ్యి పట్టుకున్నప్పుడు ఈ మాట నాకొచ్చు గదా." జబ్బ మీది చెయ్యి ఇంకా అక్కడే ఉంది. ఆ జబ్బలోకి దిగిన మందు పేరు ఇక ఏ సీసా మీదా దొరకదని ఇద్దరికీ తెలుసు. సంధ్య ఈసారి భయపడకుండా ఆ చేతి మీద తన చెయ్యి వేసింది. బట్ట మీంచి కూడా చల్లగా తగిలిందో, తన చెయ్యే చల్లగా ఉందో తేల్చుకోలేకపోయింది.

లోపలినుంచి అరబ్బు పేరొకటి పిలిచారు. మదార్బీ పిల్లను భుజాన వేసుకుని లేచింది. నిద్ర చెడి పిల్ల ఏడుపు అందుకుంది. తెర కదిలి మూసుకుంది. తెర మీద దీపం వెలుగులో రెండు నీడలు, ఒకటి చేతిలో సన్నటిది పట్టుకుని వంగింది, ఇంకొకటి పిల్లను రెండు చేతులా దగ్గరికి లాక్కుంది. అప్పుడు వినిపించింది, మదార్బీ గొంతే, సంధ్యతో మాట్లాడిన గొంతు కాదు, పదహారు రోజులు మూతపెట్టిన ఇంట్లోంచి వచ్చినట్టు బొంగురుగా:

"ఇష్ హాదా?"

తర్వాత నిశ్శబ్దం. అత్తమ్మ కోడి కోసం లేచిపోయినంత నిశ్శబ్దం. సంధ్య ఆ నిశ్శబ్దం అడుగున ఏమీ వెతకలేదు, ఏ గొంతునూ పిలవలేదు, ఊరికే ఆగింది. ఏసీ గుర్రు. పిల్ల వెక్కిళ్లు. ఆ తర్వాత సిస్టర్ గొంతు, పైకి, ఒక్కొక్క అక్షరం విడదీసి, సీసా మీది పేరు చదివింది.

మళ్లీ మదార్బీ, ఈసారి కాస్త గట్టిగా, ట్రేలో ఇంకో సీసా ఉంది కాబోలు:

"వ హాదా? మరి ఇది?"